కళాశాలల పరిశోధన బహుమానములు – మన యిండ్లు



వేసవి సెలవులు వచ్చినవన్న, మా పాచిపెంట వైపున డిగ్రీ చదువుచున్న ఆడుపిల్లలు కొందరు అట్టకు గుచ్చిన కాగితములు చేతబట్టి యిల్లిల్లు తిరుగుట కొన్నేండ్లుగా చూచుచున్నాము. తొలుత వీరిని జనాభా లెక్కలవారని కొందరును, పొదుపుసంఘపు బాకీలకై వచ్చినవారని కొందరును తలచి తలుపులు చేరవేసికొనిరి. వారు చేయుచున్నది చదువులో నొక భాగమని తరువాత తెలిసినది. ఆంధ్రప్రదేశమున 2020–21లో వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికయందు, ప్రతి విద్యార్థియు నొక గ్రామమునో పేటనో ఎన్నుకొని, అచటి కుటుంబముల స్థితిగతులు విచారించి, ఒక సమస్యను గుర్తించి, నివేదిక వ్రాసి యొప్పగింపవలెనను నియమము చేసిరి. దీనికి 180 గంటల కాలము నిర్ణయించిరి. కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టని దాని పేరు.

తెలంగాణమున కళాశాలవిద్యాశాఖవారు ‘జిజ్ఞాస’ యను చక్కని పేరు పెట్టి, ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులు జట్టుగా చేసిన అధ్యయనములకు పోటీలు నడిపి, మేలైనవానికి బహుమతు లిచ్చుచున్నారు. భారతీయ విశ్వవిద్యాలయముల సంఘమువారి ‘అన్వేషణ్’ పోటీ మరియొకటి. పదియేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలకై జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు 1993లోనే ఆరంభమైనది. ఇట్లు చిన్న కళాశాలలలో సైతము నేడు పరిశోధనము, బహుమానము అను రెండు మాటలును తరచుగా వినబడుచున్నవి.

ఇవి కళాశాలల సంగతులు గదా, పొయ్యి ముందు కూర్చుండువారికి వీనితో పనియేమియని మీలో కొందరనవచ్చును. పని యున్నది. ప్రాజెక్టు వ్రాయవలసిన పిల్ల మన యింటి పిల్ల. ఆమె యడుగు ప్రశ్నలకు జవాబులు తెలిసినవారు మనమును, మన యత్తగార్లును. సెలవులలో నాలుగూళ్లు తిరుగుటకు ఆమెను పంపుటయు మానుటయు మన చేతిలోనిదే. తుదకు ఆమె తెచ్చిన బహుమానమును గోడకు తగిలించి మురియువారము మనమే గనుక, అది దేనికి వచ్చినదో, ఎవరి తెలివికి వచ్చినదో తెలిసికొనక తప్పదు.

బహుమానము పెట్టి విద్యను పరీక్షించుట మనకు క్రొత్త గాదు. బృహదారణ్యకమున జనకమహారాజు వేయి గోవులను నిలిపి, వాని కొమ్ములకు బంగారము కట్టించి, బ్రహ్మజ్ఞానమున మిన్నయైనవారు వీనిని తోలుకొని పోవచ్చునని సభలో ప్రకటించెను. యాజ్ఞవల్క్యుడు వాదము మొదలుగాక మునుపే గోవులను తోలుమని శిష్యునితో చెప్పెను. ఇక ప్రశ్నలు. పండితు లెందరో అడిగిరి గాని, గార్గి యడిగినట్లు మరి యెవ్వరును అడుగలేదని మా యభిప్రాయము. ఈ లోకమంతయు దేనియందు పడుగుపేకలుగా అల్లుకొని యున్నదని ఆమె యడిగెను. మగ్గము చూచిన కన్నులకు గాని అట్టి ప్రశ్న తోచదు. మితిమీరి యడిగిన తల పగులునని మునీశ్వరుడు హెచ్చరింపగా ఒక్కమారు ఊరకుండి, మరల లేచి మరి రెండు ప్రశ్నలు వేసెను. గోవులు మాత్రము యాజ్ఞవల్క్యుని యింటికే పోయినవి. బహుమానములకును మంచి ప్రశ్నలకును గల సంబంధము నాటినుండియు నిట్లే యున్నది కాబోలు.

అయినను ప్రశ్న యెచట పుట్టునన్నదే ముఖ్యము. దీనికి మా కొండలవరుసలోనే గొప్ప నిదర్శనము కలదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని వాడుకభాషోద్యమ నాయకులుగా ఆంధ్రులెల్లరు నెరుగుదురు. (మేము వ్రాయుచున్న యీ భాషను చూచినచో వారు నొచ్చుకొని యుండెడివారే, చిన్ననాట మాకు భారతభాగవతములు చెప్పిన తాతగారు వేరొక భాష నేర్పలేదు, ఏమి చేయుదుము!) వారు 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ఆ యూరు కొండల పాదమున నున్న చిన్న సంస్థానపు పట్టణము. కొండలనుండి దిగివచ్చు సవరల మాట చెవిని బడగా, దానికి లిపియు వ్యాకరణమును లేకుండుట చూచి, పంతులుగారు ఆ భాష నేర్వబూనిరి. సవరభాష తెలిసినవారిని ఇంట నుంచుకొని ఒక్కొక్క మాటయే వ్రాసికొనిరి. కొండలలో తిరిగి జ్వరము తెచ్చుకొని, క్వినైను విశేషముగా సేవించుటచే చెవుడు వచ్చెనని చెప్పుదురు. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. నిఘంటువు వచ్చునప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు.

మదరాసులో గ్రంథాలయములకు కొదువ లేదు, పండితులకు కొదువ లేదు. అయినను సవరభాషకు నిఘంటువు మదరాసున పుట్టలేదు. సవరలు నడచిపోవు వీధిలో నివసించిన యొక బడిపంతులుగారి యింట పుట్టినది. చిన్నయూరి చదువునకు గల బలమిదియే. పెద్ద పట్టణమున పుస్తకము దొరకును. చిన్న యూర ప్రశ్నయే గుమ్మము ముందు నడచిపోవును. ఇంత యనిన తరువాత మరియొక మాట గూడ అనవలెను. భాష చెప్పుటకు వచ్చినవారికి ఏండ్ల తరబడి అన్నము వండి వడ్డించిన గృహిణి శ్రమయు ఆ నిఘంటువు పుటలలో కలసియే యున్నదని మేమనుకొందుము.

మా పాచిపెంటయు అట్టి చోటే. సాలూరు దాటి కొరాపుట్టునకు పోవు ఘాటీ దారి మా మీదుగానే కొండనెక్కును. 2022 ఏప్రిలు 4వ తేదీన పార్వతీపురము మన్యము జిల్లా యేర్పడినప్పుడు మా మండలమును అందులో చేరినది. కొండదొరలు, జాతాపులు, గదబలు మొదలగువారు పైయూళ్లలో చోళ్లును, సామలును, కందులును, పసుపును పండింతురు. జీడిపిక్కలును చింతపండును సంతకు దింపుదురు. పిల్లలు ఇంటరు దాటిన పిమ్మట సాలూరునకో, పార్వతీపురమునకో, విజయనగరమునకో పోయి చదువుదురు. మా యింటివారు బడిపంతులగుటచే, అట్టి పిల్లలు సెలవులలో మా యింటికి వచ్చి, వ్రాసినదానిని దిద్దుమని యడుగుట కలదు. తెలుగు మేము దిద్దుదుము, లెక్కలు వారు దిద్దుదురు.

అట్లు వచ్చినవారిలో నొక బాలిక సంగతి చెప్పెదము. పేరును ఊరును వ్రాయము. ఆమె చేతిలోని ప్రశ్నపత్రము ఎక్కడనో మైదానపు పట్టణమున అచ్చైనది. ఇంట ఫ్యానులెన్ని, గ్యాసుపొయ్యి యున్నదా, నెలసరి యాదాయమెంత యని వరుసగా గళ్లు. మొదటి ప్రయత్నముగా తన యవ్వనే అడిగినదట. నెలసరి యాదాయమనగానే ముసలియమ్మ నవ్వి, “నెలనెలా డబ్బులేటే? జీడిపిక్కలు నెలనెలా రాల్తాయేటి?” అని యడిగినదట. బాలిక ఆ గడిని ఖాళీగా వదలి మా వద్దకు వచ్చి, ఇందు ఏమి వ్రాయవలెనని యడిగెను. మా యింటివారు, “మీ యవ్వ అడిగినదే వ్రాయుము” అనిరి.

ఆ గడి స్థానమున ఆమె పండ్రెండు మాసములు గీసినది. ఏ మాసమున ఇంటికి సొమ్ము ఏ రూపమున వచ్చును, ఏ మాసమున తిండి యెచటినుండి వచ్చునని విచారించుటయే ఆమె ప్రాజెక్టయ్యెను. చింతపండు, జీడిపిక్కలు అమ్ముడుపోవు నెలలలో చేత డబ్బాడును. తొలకరి పడి విత్తనములు చల్లినది మొదలు క్రొత్త గింజ చేతికి వచ్చువరకు గాదె అడుగంటును. అప్పుడేమి తినెదరు? చోడియంబలి పలుచనగును. అడవిదుంపలు త్రవ్వుదురు. వేసవిలో తిని పారవేయు మామిడిటెంకలను కొండవారు పారవేయరు. ఎండబెట్టి దాచి, పగులగొట్టి, లోని పప్పును నానబెట్టి, ఎన్నో నీళ్లు మార్చి చేదు విరిచి, పిండిచేసి అంబలి కాచుకొందురు. టెంకపప్పులో వగరు పదార్థము మెండు. నీటిలో ఎక్కువసేపు నాని అది దిగిపోనిదే కడుపునకు హితము గాదు. ఎన్ని నీళ్లు మార్చవలెనో, పారు నీరు మేలో నిలువ నీరు మేలో, పాచిపట్టిన టెంకను ఎట్లు గుర్తింపవలెనో ఆ యవ్వకు తెలియును. ఏ పాఠ్యపుస్తకమునను ఆ బాలిక దీనిని చదువలేదు. తరతరములుగా ఇంటిలోనే ఉన్నను ఇంతకుమునుపు ఎన్నడు నడుగను గూడ లేదు.

నాలుగూళ్లు నడచినగాని పని పూర్తికాదు. అంతలో ఒక సంబంధము వచ్చినది. ఆ వేసవిలోనే ముహూర్తము పెట్టుదమని తండ్రి తొందరపడెను. పెండ్లికావలసిన పిల్ల కాగితములు పట్టుకొని ఊళ్లు తిరిగిన పరువేమగునని పినతండ్రి యనెను. మేము పోయి చెప్పవలెనని అనుకొంటిమి గాని అంత యవసరము కలుగలేదు. తల్లి, వ్రేలిముద్ర వేయు మనిషి, “కాయితాలు అయ్యేక చూద్దాం” అని ఒక్క మాట యని, తానే కూతురి వెంట రెండూళ్లకు నడచెను. తల్లి వెంట నుండుటచే ఇండ్లలోని ఆడువారు ఇంకను ఎక్కువ మాటలాడిరట. ఎండు దుంపలను ఎచట దాచినదీ మగవారి యెదుట చెప్పరు గదా!

వ్రాసిన పుస్తకమును కళాశాల కిచ్చుటకు ముందు ఇంట చదివి వినిపింపుమని మేము సలహా చెప్పితిమి. చదివినది. అవ్వ రెండు తావుల నాపి, ఆ దుంప శ్రావణమునది కాదు, ఆషాఢమునదే యని దిద్దెను. ఒక దుంప పేరు కోడలు చెప్పినది తప్పని వాదించెను. కోడలు ఒప్పుకొనలేదు. రెండు పేర్లును వ్రాసినారు. కళాశాలలో ఎవ్వరును ఇంతటి పరీక్ష చేసియుండరు.

బహుమానము ఆమెకు రాలేదు. నిగనిగలాడు అట్టలు, రంగురంగుల పటములు గల వేరొక ప్రాజెక్టునకు ప్రథమ బహుమతి యిచ్చిరి. దానిలో పుటలకు పుటలే వేరొక జిల్లాలో వ్రాసిన పాత నివేదికనుండి దించినవని ఆ పిల్లలే తరువాత నవ్వుకొనుచు చెప్పుకొనిరి. ఆ కళాశాల పేరుతో మనకు పనిలేదు. ఇట్టివి ఒక్కచోట జరుగునవి కావు. అయితే పరీక్షకులలో నొకరు ఆ బాలికను, “ఇన్ని యిండ్లే చూచితివి గదా, వీనినిబట్టి మండలమంతటి సంగతి ఎట్లు చెప్పుదువు?” అని యడిగిరట. ఆమె జవాబు చెప్పలేక చిన్నబోయి వచ్చినది. కోపముండవచ్చును గాని ఆ ప్రశ్న మాత్రము అన్యాయమైనది కాదు. ఆ ప్రశ్నతోనే ఒక తెలుగువాడు జగత్ప్రసిద్ధు డయ్యెను.

వారు కల్యంపూడి రాధాకృష్ణరావుగారు, లోకము సి.ఆర్‌. రావు అని యెరిగినవారు. 1920లో హడగలిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ యూళ్ల బడులలో చదివి, విశాఖపట్టణమున పై చదువులు చదివిరి. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి ఇచ్చెడివారట. రావుగారు తమ గ్రంథము నొకదానిని ఆమెకు అంకితము చేయుచు ఈ సంగతినే వ్రాసికొనిరి. తానును అప్పుడే లేచుట చేతనే గదా కుమారుని లేపగలిగెనని చదువునప్పుడు మాకు తోచినది.

1944 ప్రాంతమున రావుగారు కలకత్తాలో సంఖ్యాశాస్త్రము బోధించుచుండగా, పెద్ద సంఖ్యలో నమూనాలున్నప్పుడు చెల్లు ఒక సిద్ధాంతమును వివరించిరి. దాండేకరు అను విద్యార్థి లేచి, కొద్ది నమూనాలే యున్నప్పుడు ఏమి చెప్పవచ్చునని యడిగెను. రావుగారు ఆ రాత్రి కూర్చుండి ఆలోచించి, మరునాడు తరగతిలో జవాబు చెప్పిరి. అది 1945లో ప్రకటితమయ్యెను. నేడు క్రామెర్‌–రావు హద్దని లోకమంతట చదువుదురు. ఇంత సమాచారమే చేతనున్నప్పుడు, పక్షపాతము లేక ఎంత నేర్పుగా అంచనా కట్టినను, తడబాటు ఇంతకంటె తగ్గదని ఆ సిద్ధాంతము చెప్పును. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, వారికి అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి లభించినది. అదే సంవత్సరము ఆగస్టు 22వ తేదీన దివంగతులైరి. బహుమతి గురువుగారికి వచ్చినది, రావలసినదే. ప్రశ్న మాత్రము శిష్యునిది. రావుగారు ఆ పేరును దాచక చెప్పుచుండుట చేతనే నేడు మనకు తెలిసినది.

మనకిది బొత్తిగా తెలియని శాస్త్రము గాదు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు కుండెడు మెతుకులు పట్టి చూడము, ఒక్క మెతుకు చాలును. అయితే ఆ మెతుకు పైపొరది మాత్రమే అయిన మోసపోదుము. గరిటెతో అడుగునుండి కలిపి తీయవలెను. ఇండ్లను ఎంచుటయు నంతియే. రోడ్డుప్రక్క యిండ్లే చూచి, కొండపైని యిండ్లు విడిచిన లెక్క పైపొర మెతుకు. ఆ బాలికకు ఈ పోలిక చెప్పితిమి. మరుసటి సెలవులలో రోడ్డు లేని రెండూళ్లకు పోయి, చూచిన యిండ్లెన్ని, చూడనివెన్ని యని మొదటి పుటలోనే వ్రాసికొని వచ్చినది. ఈమారు దానికి మార్కులు లేవు, పోటీయు లేదు.

ఇక రెండవ చిక్కు. టెంకయంబలి సంగతి చెప్పినది అవ్వ. పుస్తకముపై పేరు మనుమరాలిది, మార్గదర్శకులైన అధ్యాపకులది. బహుమానము వచ్చియున్నచో ఎవరిదై యుండెడిది? ఇది నవ్వులాట కాదు. మందుమొక్కల విషయమున ఇదే ప్రశ్న న్యాయస్థానముల వరకు, చట్టముల వరకు పోయినది. కేరళమున అగస్త్యకొండలలో 1987లో కొందరు శాస్త్రజ్ఞులు అడవి నడచుచు అలసిపోగా, దారి చూపుచున్న కాణి తెగవారు ఒక మొక్క కాయలు తినుచు అలసట లేక నడచుట చూచిరి. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దానినుండి తిరువనంతపురము చెంతనున్న ఉద్యాన పరిశోధన సంస్థవారు ‘జీవని’ యను మందు చేసిరి. తయారుచేయు హక్కును ఒక వైద్యశాల కిచ్చినప్పుడు పది లక్షల రూపాయలును, అమ్మకముపై నూటికి రెండువంతుల రాబడియు వచ్చునట్లు ఏర్పాటయ్యెను. అందులో సగము కాణివారికి చెందవలెనని ఆ సంస్థవారు ఒప్పుకొనిరి. 1997లో కాణివారి పేర ఒక ట్రస్టు ఏర్పడినది. 2002లో మన దేశమున జీవవైవిధ్య చట్టము వచ్చినది; ఊరి మొక్కల జ్ఞానముతో లాభము పొందువారు ఊరికి వంతు నీయవలెనన్నది దాని యుద్దేశములలో నొకటి.

అంతదూర మేల? మా ఘాటీ దారిన కొండ యెక్కి దిగిన కొరాపుట్టు జిల్లాయే గదా! అచటి జయపురపు కొండలలో 1955–1959 మధ్య కటకపు వరి పరిశోధనకేంద్రమువారు తిరిగి 1,745 వరి రకములను సేకరించిరి. ఆ రకములను అంతవరకు కాపాడినదెవరు? విత్తనము ఏరి, బూడిద కలిపి, బుట్టలో కట్టి దాచిన ఆడువారు. వారి సంతతిదే కమలా పూజారి. పరోజా కులస్త్రీ, బడిమెట్టు ఎక్కని మనిషి. అంతరించుచున్న నాటురకములను ఇల్లిల్లు తిరిగి సేకరించి, నాటి, ఇతరులకు పంచెను. 2019లో పద్మశ్రీ ఆమెను వరించినది. 2024 జులై 20వ తేదీన ఆమె కన్నుమూసెను. కొరాపుట్టు సేద్యపు సంప్రదాయమును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించిరి. ఇంటి యవ్వ చెప్పునది పరిశోధన యగునాయని సందేహించు అధ్యాపకులకు ఇంతకంటె వేరు సమాధానము మావద్ద లేదు.

వంటయింటి సంగతి పరిశోధనకు తగదను వారికి కమలా సొహోనీగారి పేరు గూడ చెప్పవచ్చును. 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థలో ఆడుపిల్ల యను కారణమున ముందు చేర్చుకొనక, పిదప షరతులమీద చేర్చుకొన్నది ఈమెనే. పాలు, పప్పుదినుసుల మాంసకృత్తులపై పనిచేసి, కేంబ్రిడ్జిలో 1939లో డాక్టరు పట్టము పొందెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట తాటిజాతి చెట్ల నీరాలోని పోషకగుణములను పరిశోధించెను. ఆ పనికి రాష్ట్రపతి బహుమానము లభించినది. మా కొండలలో జీలుగుచెట్టు లేని ఊరుండదు. ఆ చెట్టునుండి దిగునది కల్లేయని అందరికిని తెలియును. పులియక ముందు దానిలో నేమున్నదని అడిగినవారు మా యెరుకలో లేరు. ఏ పిల్లయైనను సాలూరు కళాశాల రసాయనశాలలో ఈ పని చేసిన, మేము చూచి సంతసింతుము.

ఇంత చెప్పియు దించి వ్రాయువారి సంగతి విడువరాదు. పట్టణములలో జెరాక్సు కొట్లయందు సిద్ధముగా కట్టిన ప్రాజెక్టులు అమ్ముదురు; పేరు మాత్రము మార్చుకొనిన చాలును. ఇప్పుడు సెల్‌ఫోనునందు అడిగిన క్షణములో పుటలు పుటలుగా వ్రాసియిచ్చు యంత్రములును వచ్చినవి. డబ్బిచ్చి కొనుచున్నది పిల్లలు గాని, ఆ డబ్బు మన కొంగుముడిలోనిదే. “ఎండలో తిరిగి నల్లబడనేల, కొని యిచ్చివేయుము” అనిన తల్లులను మేమెరుగుదుము. పిల్లపై ప్రేమయే అది, కాదనము. కాని అట్లు కొన్న పుస్తకమునకు బహుమతి వచ్చినప్పుడు, ఎండలో తిరిగి వ్రాసిన పిల్ల ఏమగును? మరుసటేడు ఆమెయు కొనును. మగపిల్లవాడు ఓడిన మరల ప్రయత్నింపుమందురు. ఆడుపిల్ల ఓడిన, ఇక చాలు, సంబంధము చూడుడందురు. తప్పుడు బహుమానముచే ఎక్కువ నష్టపడునది ఆడుపిల్లయే యని మేమనుట అందుచేతనే.

పుస్తకము ఎవరిదో కనుగొనుట కష్టమేమియు గాదు. చదువురాని తల్లియైనను కనుగొనవచ్చును. “ఎవరింటికి పోయితివి? వారేమనిరి? ఏ మాట నీవనుకొన్నట్లు కాలేదు?” అని అడిగిన చాలును. తిరిగి వ్రాసిన పిల్ల ఆగకుండ చెప్పును; ఒక ముసలిది కసరినదనియు, ఒక యింట మజ్జిగ యిచ్చిరనియు, వద్దన్న కుక్క వెంటబడినదనియు చెప్పును. కొన్న పిల్లకు కుక్క కనబడదు. కళాశాలలవారును కాగితపు నునుపు చూచుట మాని, ఈ మూడు ప్రశ్నలే అడిగినచో బహుమానములు చాలవరకు చేరవలసినచోట చేరును.

కళాశాలలలో తల్లిదండ్రుల సమావేశములు జరుగుచున్నవి. మనలో పెక్కురము పోము. పోయినను వెనుక వరుసలో కూర్చుండి టీ త్రాగి వత్తుము. ఈమారు పోయినప్పుడు రెండు మూడు సంగతులు అడిగిన బాగుండును. సమాచారము చెప్పినవారి పేర్లు, వారు సమ్మతించిన పక్షమున, పుస్తకము మొదటి పుటలో వేయుమని అడుగవచ్చును. సమ్మతింపనివారిది, ముఖ్యముగా మందుమొక్కల రహస్యము, అచ్చునకు ఎక్కింపరాదని గట్టిగా చెప్పవచ్చును. బహుమతి శాలువాకు పెట్టు డబ్బులో కొంత పిల్లలకు ముందుగానే బస్సు ఛార్జీల క్రింద ఇచ్చినచో, పైయూళ్ల పిల్లలు సైతము పోటీకి రాగలుగుదురు. పని ముగిసిన పిమ్మట కప్పు శాలువా ముందుగా బస్సెక్కింపదు గదా! బహుమతి పొందిన పుస్తకమును ఆ యూరి బడిలోనో, అంగన్‌వాడీలోనో చదివించి, ప్రతి యొకటి అచట ఉంచుమని గూడ అడుగుడు. కళాశాల బీరువాలో తాళము క్రింద నున్న టెంకయంబలి ఎవరి ఆకలి తీర్చును?

మన యిండ్లలో చేయవలసినది స్వల్పము. పిల్ల ప్రశ్నించునప్పుడు “నీకెందుకు” అనకుండుట. మరియొక మాట, ప్రశ్నింప వచ్చిన యితరుల పిల్లలకు గూడ పీట వేయుట. వేళ మాత్రము వారికి తెలియదు గనుక మనమే చెప్పవలెను. జీడిపిక్కలు రాలు దినములలో ప్రొద్దుటిపూట ఏ యాడుదియు ఇంటనుండదు. మధ్యాహ్నము వచ్చి తలుపు తట్టిన, అలసి పండుకొన్నవారు అవునన్నదానికి కాదనియు కాదన్నదానికి అవుననియు జవాబు చెప్పుదురు. దీపము పెట్టి, అంబలికుండ దించిన పిమ్మట రమ్మనుడు. ఒంటరిగా గాక ఇద్దరేసి రమ్మనుడు. వెనుకకు పోవునప్పుడు ఇంటి పెద్దపిల్లవాని నొకని, చేతికి టార్చి యిచ్చి, దిగువ రోడ్డు వరకు తోడు పంపుడు.